పాత 220 వోల్టుల డీసీ క్రేన్ ప్యానెల్: టెస్టర్ వెలగలేదు గానీ బస్‌బార్లలో కరెంటు ఉంది

ఆటోనగర్ వైర్‌మన్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను విశాఖలోని గాజువాక ఆటోనగర్‌లో చిన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేసుకుంటున్నాను. ఐటీఐ పూర్తిచేసి పన్నెండేళ్లయింది, పర్మిట్ కూడా ఉంది, కానీ ఇంతకాలం చేసినదంతా ఏసీ పనే. గత నెలలో సింధియా వైపున్న ఒక పాత వర్క్‌షాపు వారు తమ ఓవర్‌హెడ్ క్రేన్‌ను మళ్లీ వాడుకలోకి తేవాలని పిలిచారు. ఆ క్రేన్ 220 వోల్టుల డీసీ మీద నడుస్తుంది. షెడ్డులో ఒక మూల, ఏసీతో తిరిగి డీసీ పుట్టించే మోటార్-జనరేటర్ సెట్ ఉంది. దాని పక్కన నల్లరాతి పలక మీద మూత లేని నైఫ్ స్విచ్చులు, పింగాణీ ఫ్యూజులు, ముల్లు తుప్పుపట్టి సున్నా దగ్గరే ఆగిపోయిన ఒక వోల్టుమీటరు ఉన్నాయి. పలక పైభాగాన రెండు బల్బు హోల్డర్లు ఉన్నాయి గానీ వాటిలో బల్బులు లేవు. పక్కగదిలో 55 సెల్లుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంది. అది బ్రేకరు కంట్రోలుకూ, కరెంటు పోయినప్పటి దీపాలకూ 110 వోల్టులు ఇస్తుందని చెప్పారు. డ్రాయింగులు మాత్రం ఎవరి దగ్గరా లేవు.

మొదటి రోజే రెండు సంగతులు జరిగాయి. మోటార్-జనరేటర్ సెట్ తిరుగుతుండగా నా నియాన్ టెస్టర్‌ను రెండు బస్‌బార్లకూ (కరెంటును పంచే లోహపు పట్టీలు) విడివిడిగా ఆనించి చూశాను, రెండిటిలోనూ వెలగలేదు. తాకకుండానే కూతపెట్టే పెన్ను టెస్టర్ కూడా పలకలేదు. తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే టంగ్ టెస్టర్ సున్నా చూపించింది. జనరేటరు వోల్టేజీ పుట్టించడం లేదనుకుని, నట్లు బిగిద్దామని స్పానర్ చేతిలోకి తీసుకున్నాను. మా పెద్దమేస్త్రి ఆపి, మల్టీమీటర్‌ను డీసీలో పెట్టి రెండు బార్ల మధ్య చూడమన్నాడు. 224 వోల్టులు ఉంది. అదే రోజు మధ్యాహ్నం క్రేన్ ట్రావెల్ మోటారు నడుస్తుండగా మా కుర్రవాడు ఒక నైఫ్ స్విచ్‌ను ఏసీ స్విచ్ తీసినట్టే తాపీగా పైకి లాగాడు. స్విచ్ బ్లేడు వెంట జానెడు మంట సాగి, ఆరకుండా నిలిచింది. వాడు భయపడి మళ్లీ కిందికి నొక్కేశాడు, లేకపోతే ఏమయ్యేదో తెలియదు.

నా సందేహాలు ఇవి. టెస్టర్లు మూడూ ఎందుకు మోసం చేశాయి? ఆ పలక తీసేసి మామూలు ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే పడే చిన్న బ్రేకర్లు), ఒక ఆర్‌సీసీబీ (నేలకు లీకేజీని కనిపెట్టి పడే బ్రేకరు) పెట్టి సరిపెట్టవచ్చునా? డీసీ తన్నేస్తుందే గానీ ప్రాణం తీయదన్న మాట ఎంతవరకు నిజం? బ్యాటరీ గదిలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?


మల్కాపురం ఓడల ఎలక్ట్రీషియన్:

మొదట, స్పానర్ పెట్టకముందే మీటరు తీయమన్న మీ పెద్దమేస్త్రిగారికి నా నమస్కారం అందజేయండి. నేను ముప్ఫై ఏళ్లకు పైగా ఓడల్లో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరైనవాణ్ణి. నేనెక్కిన మొదటి రెండు ఓడల్లోనూ వించీలు, పంపులు, దీపాలు అన్నీ 220 వోల్టుల డీసీయే. సింధియా కంపెనీ 1941లో ఇక్కడ నౌకా నిర్మాణానికి పునాది వేసిన నాటికీ, 1948లో ఇక్కడ కట్టిన జల ఉష ఓడ నీటిలోకి దిగిన నాటికీ ఓడలో కరెంటు అంటే సర్వసాధారణంగా డీసీ అనే అర్థం. ఏసీ ఓడల్లోకి విస్తారంగా వచ్చింది 1950ల తరువాతనే. కనుక ఆ చుట్టుపక్కల పాత షెడ్డులో అలాంటి పలక కనబడటం నాకు వింతగా లేదు.

టెస్టర్ సంగతి. నియాన్ టెస్టర్ వెలగాలంటే తీగ నుంచి టెస్టర్ గుండా, మన ఒంటి గుండా, నేల గుండా తిరిగి మూలానికి కొద్దిపాటి కరెంటు ప్రవహించాలి. మన ఇళ్లలో న్యూట్రల్ ఎర్త్ అయి ఉంటుంది కాబట్టి ఆ దారి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పాత డీసీ వ్యవస్థల్లో చాలావాటికి పాజిటివ్ గాని నెగటివ్ గాని ఎర్త్ చేయరు, రెండు తీగలూ నేలతో సంబంధం లేకుండా తేలుతూ ఉంటాయి. ఏసీ అయితే తేలే వ్యవస్థలో కూడా కేబుళ్ల కెపాసిటెన్సు గుండా ఎంతో కొంత పారుతుంది, స్థిరమైన డీసీకి ఆ దారి కూడా లేదు. అందువల్ల రెండు బార్లూ మీ టెస్టర్‌కు చచ్చినట్టే కనిపించాయి. పెన్ను టెస్టర్ మారుతూ ఉండే విద్యుత్ క్షేత్రాన్ని మాత్రమే పసిగడుతుంది. మామూలు టంగ్ టెస్టర్ లోపల ఉన్నది ట్రాన్స్‌ఫార్మరు, దానికి మారని కరెంటు కనబడదు; డీసీ కొలవాలంటే మారని అయస్కాంత క్షేత్రాన్ని కూడా పసిగట్టే హాల్ సెన్సారు ఉన్న క్లాంప్ మీటరే కావాలి. ఇంకొక చిక్కు కూడా చెప్పాలి. మల్టీమీటర్‌ను పొరపాటున ఏసీ వోల్టుల దగ్గర వదిలేస్తే, చాలా మీటర్లు డీసీని లోపలికి రానీయకుండా సున్నానో రెండు మూడు వోల్టులో చూపిస్తాయి. మీ చేతిలోని నాలుగో పరికరం కూడా అబద్ధం చెప్పగలదన్నమాట. అందుకే మేము మీటరును ముందు తెలిసిన డీసీ మీద పెట్టి చూసేవాళ్లం, తరువాత పని చేయబోయే చోట చూసేవాళ్లం, ఆ తరువాత మళ్లీ తెలిసిన డీసీ మీద పెట్టి మీటరు ఇంకా బతికే ఉందని రూఢి చేసుకునేవాళ్లం. మీకు పక్కగదిలో బ్యాటరీ ఉంది కాబట్టి తెలిసిన డీసీకి లోటు లేదు. చూసేటప్పుడు పాజిటివ్‌కూ నెగటివ్‌కూ మధ్య, పాజిటివ్‌కూ ఎర్త్‌కూ మధ్య, నెగటివ్‌కూ ఎర్త్‌కూ మధ్య, మూడు చోట్లా చూడండి. తీగల రంగులను మాత్రం నమ్మవద్దు. ఎనభై ఏళ్లలో ఎన్ని చేతులు మారిందో ఆ వైరింగు!

ఇక ఖాళీగా ఉన్న ఆ రెండు హోల్డర్లు. అవి అలంకారానికి పెట్టినవి కావు, వాటిని ఎర్త్ ల్యాంపులు అంటారు. పాజిటివ్ నుంచి నెగటివ్‌కు రెండు బల్బులను సీరీస్‌లో కలిపి, వాటి మధ్య బిందువును ఎర్త్‌కు తగిలిస్తారు. వ్యవస్థ శుభ్రంగా ఉంటే ఒక్కొక్క బల్బుకు సగం వోల్టేజీ అంది రెండూ సమానంగా, మందంగా వెలుగుతాయి. పాజిటివ్ ఎక్కడైనా నేలకు తగిలితే పాజిటివ్ వైపు బల్బు ఆరిపోతుంది, నెగటివ్ వైపుది పూర్తి వెలుగుతో మండుతుంది. ఇది ఎందుకు ముఖ్యమంటే, తేలే వ్యవస్థలో మొదటి ఎర్త్ ఫాల్టుకు ఏ ఫ్యూజూ పోదు, ఏ బ్రేకరూ పడదు, యంత్రాలన్నీ మామూలుగానే తిరుగుతాయి. కానీ ఆ క్షణం నుంచి రెండో తీగను తాకిన మనిషికి మొత్తం 220 వోల్టులూ తగులుతాయి. నిన్నటిదాకా తాకినా ఏమీ కాని తీగ ఈరోజు ఎందుకు కొట్టిందో అతనికి అర్థం కూడా కాదు. మన ఊరి ఉప్పుగాలికి పింగాణీ మీద ఉప్పు పేరుకుని, వానాకాలంలో అదే కరెంటుకు దారి అవుతుంది. డిసెంబరులో తేలుతున్న వ్యవస్థ అక్టోబరు వానల్లో తేలుతూ ఉండదు.

హోల్డర్లలో తప్పనిసరిగా పాతకాలపు ఫిలమెంటు బల్బులే, ఒకే వాటేజీవి రెండు పెట్టండి. ఎల్‌ఈడీ బల్బు లోపలి సర్క్యూటు సగం వోల్టేజీకి కూడా దాదాపు పూర్తి వెలుగు ఇచ్చేస్తుంది కాబట్టి తేడా తెలియదు. ఈ ల్యాంపులకూ ఒక గుడ్డితనం ఉంది: రెండు తీగలూ సమానంగా లీకవుతుంటే రెండు బల్బులూ సమానంగానే కనిపిస్తాయి. అందుచేత వర్క్‌షాపు ఆపి ఉన్నప్పుడు ఒక్కొక్క తీగకూ విడిగా మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరు) వేయక తప్పదు. ల్యాంపులు పెట్టిన తరువాత వాటి గుండానే నేలకు ఒక దారి ఏర్పడుతుందనీ, ఇక మీదట ప్రతి తీగా ఎర్త్‌తో పోలిస్తే 110 వోల్టుల మీద ఉంటుందనీ కూడా గుర్తుంచుకోండి.

నైఫ్ స్విచ్ మంటకు కారణం తేలిక. మన ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది. కాంటాక్టులు విడిపోయినప్పుడు పుట్టిన ఆర్క్‌కు ఆరిపోయే అవకాశం అన్ని సార్లూ దొరుకుతుంది. డీసీ ఎన్నడూ సున్నాకు రాదు. ఆర్క్‌ను సాగదీసి, చల్లార్చి, ముక్కలు చేస్తే తప్ప అది తనంతట తాను చావదు. పాత డీసీ కాంటాక్టర్లలో (మోటారుకు కరెంటు కలిపి, తెంచే విద్యుదయస్కాంత స్విచ్చులు) కనిపించే లావుపాటి రాగిచుట్ట, దాని పైన ఉండే గూడు అందుకే ఉన్నాయి. ఆ చుట్టలో పుట్టిన అయస్కాంత బలం ఆర్క్‌ను గూట్లోకి ఊదేస్తుంది. మీ పలక మీది స్విచ్చులకు ఆ ఏర్పాటు లేదు కాబట్టి అవి లోడు లేనప్పుడు విడదీయడానికి మాత్రమే పనికివస్తాయి. ముందు కంట్రోలర్‌ను సున్నాకు తెచ్చి, కాంటాక్టర్ పడిందని చూసి, అప్పుడు స్విచ్‌ను ఒక్క ఊపున పూర్తిగా తీయాలి. సగంలో ఆపకూడదు, తటపటాయించకూడదు, ముఖం ఎదురుగా పెట్టకూడదు. మీ కుర్రవాడు మళ్లీ నొక్కేయడం ఆ క్షణానికి అతని అదృష్టం.

చివరిగా, మోటార్-జనరేటర్ సెట్‌కు ఏసీ ఆపినంత మాత్రాన డీసీ వైపు చచ్చిపోదు. ఆ బరువైన రోటరు నిమిషాల తరబడి తిరుగుతూనే ఉంటుంది, ఇనుములో మిగిలిన అయస్కాంతత్వం చాలు వోల్టేజీ పుట్టడానికి. షాఫ్టు పూర్తిగా నిలిచాకే మీటరు పెట్టండి. క్రేన్ కొక్కేనికి బరువు వేలాడుతుండగా మోటారు వైరింగు ముట్టుకోకండి. బ్రేకు జారి బరువు దిగిందంటే ఆ మోటారే జనరేటరు కాగలదు. తాళం, ట్యాగ్ అన్నవి ఏసీ పనిలో ఎలా వేస్తారో ఇక్కడా అలాగే, కాకపోతే ఒక్కచోట కాదు: ఏసీ మూలానికి ఒకటి, బ్యాటరీ మూలానికి ఒకటి.


కంచరపాలెం మెకానిక్:

అనవసరంగా భయపెడుతున్నారేమో అనిపిస్తోంది. రైల్వే బోగీల 110 వోల్టుల డీసీ ఫ్యాన్లూ, లైట్లూ ఏళ్ల తరబడి బాగుచేశాను, ఎన్నోసార్లు చేయి తగిలింది. ఏసీ పట్టేసుకుంటుంది, డీసీ తన్ని వదిలేస్తుంది. 120 వోల్టుల లోపు డీసీ ప్రమాదకరం కాదని పుస్తకాల్లో కూడా ఉంది కదా!


పాలిటెక్నిక్ అధ్యాపకుడు:

మెకానిక్ గారి మాటలో కొంత నిజం ఉంది, ఆ కొంత నిజమే ప్రమాదకరమైనది. మనిషి శరీరం మీద కరెంటు ప్రభావాన్ని వివరించే ఐఈసీ 60479 ప్రమాణం ప్రకారం, 50 హెర్ట్జ్ ఏసీ సుమారు 10 మిల్లీఆంపియర్లు దాటితే చేతి కండరాలు బిగుసుకుపోయి తీగను వదలలేని స్థితి వస్తుంది. డీసీకి ఆ విధంగా స్పష్టమైన హద్దు లేదు, కరెంటు మొదలైనప్పుడూ తెగినప్పుడూ మాత్రమే కండరం ఒక్కసారిగా గుంజుకుంటుంది. తన్నేస్తుంది అని మనవాళ్లు అనేది దానినే. గుండె ఒక కొట్టుకునే వ్యవధి కంటే ఎక్కువ సేపు తగిలే షాకుల్లో గుండె లయ తప్పడానికి ఏసీ కంటే సుమారు నాలుగు రెట్ల డీసీ కావాలన్నదీ నిజమే. కానీ ఎక్కువ కావాలి అనడం వేరు, ఏమీ కాదు అనడం వేరు. 220 వోల్టులు చెమట చేతుల మధ్య ఆ ఎక్కువను కూడా పంపగలవు. ఎక్కువసేపు తగిలితే చర్మం కింద కణజాలంలో విద్యుద్విశ్లేషణ జరిగి లోతైన కాలిన గాయాలు అవుతాయి. పైగా మన ప్రశ్నకర్త పని చేసేది క్రేన్ మీద. నేల మీద తన్నిన తన్నుకు మోచేయి గోడకు తగులుతుంది, గర్డరు మీద తన్నిన తన్నుకు మనిషి కింద పడతాడు.

120 వోల్టుల హద్దు కూడా పొడి పరిస్థితుల్లో, ఎగుడుదిగుడులు లేని నునుపైన డీసీకి చెప్పినది. ఛార్జరు నుంచి వచ్చే డీసీ ఎంత నునుపుగా ఉందో ఎవరు చూశారు? అన్నిటికంటే చిత్రమైన సంగతి, ఆ 110 వోల్టుల బ్యాటరీ నిజానికి 110 వోల్టులు కాదు. సెల్లుకు 2.2 వోల్టుల చొప్పున ఫ్లోట్‌లో, అంటే నిండిన ఛార్జి తగ్గకుండా ఛార్జరు నిలుపుతూ ఉన్నప్పుడే 55 సెల్లులకు 121 వోల్టులు అవుతుంది. బూస్ట్ ఛార్జింగులో సెల్లుకు 2.4 వోల్టులకు చేరితే 132. పేరులో ఉన్న అంకెను చూసి హద్దు లోపల ఉన్నామనుకోవడం సరికాదు.

ఎంసీబీల విషయం. ఏసీ కోసం తయారైన ఎంసీబీ ఆర్క్‌ను ఆర్పడంలో ఆ సున్నా క్షణం మీదే చాలావరకు ఆధారపడుతుంది. అలాంటి రకాల్లో చాలావాటికి తయారీదారు ఒక్కో పోల్‌కు 60 వోల్టుల దరిదాపు డీసీని మాత్రమే అనుమతిస్తారు. 220 వోల్టుల మీద అది పడినట్టే కనిపించి లోపల కాలుతూ ఉండవచ్చు. డీసీ ఎంసీబీలు బజారులో ఉన్నాయి గానీ రెండు విషయాలు చూడాలి. వాటిలో కొన్నిటికి లోపల శాశ్వత అయస్కాంతం ఉంటుంది, ప్లస్సు మైనస్సులు తారుమారైతే అది ఆర్క్‌ను గూటి వైపు కాక మెకానిజం వైపు తోస్తుంది. రెండోది, సోలారు కోసం తయారైన బ్రేకరును మోటారు సర్క్యూటులో వాడేముందు దాని మీది వివరాలు చదవాలి. మోటారు వైండింగు ఇండక్టెన్సు కరెంటును అంత త్వరగా పడనివ్వదు, కాబట్టి ఆర్క్ మరింత సేపు నిలుస్తుంది. తేలే వ్యవస్థ కాబట్టి రెండు తీగలనూ ఒకేసారి తెంచే డబుల్ పోల్ రకమే కావాలి. ఫ్యూజులకూ ఇదే వర్తిస్తుంది: కాట్రిడ్జి మీద డీసీ వోల్టేజీ అచ్చువేసి లేకపోతే అది ఏసీ ఫ్యూజనే అనుకోండి.

మామూలు ఆర్‌సీసీబీ ఇక్కడ పనిచేయదు. అందులో ఉన్నది కూడా ట్రాన్స్‌ఫార్మరే, నునుపైన డీసీ లీకేజీ దానికి కనబడదు. పెట్టిన తరువాత రక్షణ ఉందన్న భ్రమ ఒక్కటే మిగులుతుంది. పలక ముందు ఐఎస్ 15652 గుర్తు ఉన్న రబ్బరు మ్యాట్ పరచండి, దానికయ్యే ఖర్చు సార్థకమవుతుంది.


బ్యాటరీ గది మనిషి:

నేను సబ్‌స్టేషన్ల బ్యాటరీలు చూసేవాణ్ణి కాబట్టి ఆ భాగం మాత్రమే చెబుతాను. లైన్ మీద పని అంటే మనం ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి ఇచ్చే అనుమతి) తీసుకుంటాం, అవతల ఎవరో ఆపుతారు, మనం ఎర్త్ రాడ్డు వేస్తాం. బ్యాటరీకి ఎవరి దగ్గరా ఎల్‌సీ దొరకదు, దాన్ని ఆపే స్విచ్ ఎక్కడా లేదు. ఛార్జరు ఆపినా, ఫ్యూజులు తీసినా, రెండు చివరల మధ్య 110 వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి. చేయగలిగిందల్లా ఒక్కటే: లోడునూ ఛార్జరునూ విడదీసిన తరువాత, వరుస మధ్యలో సెల్లుల మధ్య లింకులు కొన్ని తీసి దాన్ని చిన్న చిన్న ముక్కలుగా చేయడం. ఐదు ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో 11 సెల్లులు, 22 వోల్టుల పైచిలుకు ఉంటుంది. అప్పుడు షాకు భయం పోతుంది గానీ షార్టు భయం పోదు. ఒక సెల్లు అంతర్గత నిరోధం అర మిల్లీఓమ్ అనుకుంటే, రెండు వోల్టులకే 4,000 ఆంపియర్లు పారతాయి. స్పానర్ పడితే కరుగుతుంది, ఉంగరం తగిలితే వేలు పోతుంది. లోపలికి వెళ్లేముందు ఉంగరం, వాచీ, మొలతాడుకు వేలాడే తాళంచెవులు, మెడలో గొలుసు అన్నీ బయట పెట్టి వెళ్లండి. స్పానర్లకు టేపు చుట్టి వాడటం మనవాళ్ల అలవాటు. టేపు యాసిడ్‌కు జారిపోతుంది, ఇన్సులేషన్ పోతపోసిన పనిముట్లే కొనండి.

హైడ్రోజన్ గురించి లెక్కతో చెబితేనే నమ్మకం కుదురుతుంది. పూర్తిగా ఛార్జయిన తరువాత కూడా ఎక్కించే ప్రతి ఆంపియర్-అవర్‌కు ఒక్కో సెల్లు నుంచి సుమారు 0.42 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. 55 సెల్లులు, 10 ఆంపియర్లు అయితే గంటకు 231 లీటర్లు. మీ గది మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు అనుకుంటే 36 ఘనపు మీటర్లు. గాలిలో 4 శాతం హైడ్రోజన్ చేరితే అంటుకునే హద్దు మొదలవుతుంది, అంటే 1,440 లీటర్లు. తలుపులు మూసి రాత్రంతా బూస్ట్‌లో వదిలితే ఆరు గంటల పైచిలుకులో గది మొత్తానికీ ఆ హద్దు వస్తుంది. నిజానికి గ్యాసు తేలిక కాబట్టి పైకప్పు కింద అంతకు చాలా ముందే వస్తుంది, సరిగ్గా మన ట్యూబ్‌లైటూ ఫ్యానూ ఉండే చోటనే. కిటికీలు ఉన్నాయి కదా అనుకోవద్దు, పైభాగాన గాలి బయటికి పోయే దారి ఉండాలి. వెళ్లగానే లైటు స్విచ్ వేయకుండా, ముందు తలుపులు తెరిచి కాసేపు ఆగండి. మన బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామి 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది. నీటి అడుగున దాన్ని నడిపింది కూడా బ్యాటరీయే. అలాంటి మూసిన పెట్టెలో ఈ వాయువును ఎంత భయభక్తులతో చూసుకునేవారో లోపలికి వెళ్లి ఆ ఇరుకు చూస్తే ఊహకు అందుతుంది.

యాసిడ్ కలపాల్సి వస్తే నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. కళ్లద్దాలు, రబ్బరు ఏప్రాన్, పక్కనే రెండు బకెట్ల మంచినీళ్లు ఉండాలి.


ఆటోనగర్ వైర్‌మన్:

గురువుగారికీ మాస్టారికీ అందరికీ కృతజ్ఞతలు. ఎంసీబీల ఆలోచన మానుకున్నాను. ఫిలమెంటు బల్బులు పూర్ణా మార్కెట్ దగ్గర ఒక పాత దుకాణంలో దొరికాయి. పెట్టిన మొదటి మూడు రోజులూ రెండూ సమానంగా మందంగానే వెలిగాయి. మొన్న రాత్రి గట్టి వాన పడింది. మర్నాడు ఉదయం చూస్తే పాజిటివ్ వైపు బల్బు దాదాపు ఆరిపోయి ఉంది, రెండోది కళ్లు చెదిరేలా మండుతోంది. అప్పుడు నియాన్ టెస్టర్ పెడితే నెగటివ్ బార్ మీద వెలిగింది, అదీ టెస్టర్ బల్బు లోపలి రెండు కడ్డీలలో ఒకదాని చుట్టే. మొదటి రోజు చచ్చినట్టున్న అదే బార్! అన్నీ ఆపి ఒక్కొక్క భాగాన్ని విడదీస్తూ మెగ్గర్ వేస్తే, క్రేన్ పట్టాలు షెడ్డు దాటి యార్డులోకి వెళ్లే చోట డౌన్ షాప్ లీడ్స్‌ను (పట్టాల వెంట సాగుతూ క్రేన్‌కు కరెంటు అందించే తీగలు) మోసే ఇన్సులేటర్ల మీద ఉప్పు, ఇనుప పొడి కలిసి అట్టకట్టి కనిపించాయి. వాటిని మారుస్తున్నాం.

ఇంకొక ప్రశ్న. అదే ప్యానెల్ మీద నడిచే ఒక పాత షంట్ మోటారు (ఫీల్డు చుట్ట ఆర్మేచర్‌కు సమాంతరంగా ఉండేది) బెల్టుతో లైన్‌షాఫ్టును తిప్పుతుంది. దాని ఫీల్డు (అయస్కాంతాన్ని పుట్టించే చుట్ట) నిరోధం 110 ఓమ్‌లు వచ్చింది. ఆర్మేచర్‌కు (తిరిగే భాగం) ఫ్యూజులు ఉన్నాయి గానీ ఫీల్డుకు ఫ్యూజు లేదు. పాతవాళ్లు మరిచిపోయారనుకుని 4 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి పెట్టి, బెల్టు తీసి, ఖాళీగా తిప్పి చూద్దామనుకుంటున్నాను. క్రేన్‌లో బరువు ఎత్తే హాయిస్ట్ మోటారును కూడా గేర్‌బాక్సు నుంచి విడదీసి అలాగే పరీక్షించవచ్చునా?


మల్కాపురం ఓడల ఎలక్ట్రీషియన్:

బాబూ, ఆ రెండూ చేయకండి. పాతవాళ్లు మరిచిపోలేదు, కావాలనే పెట్టలేదు. షంట్ మోటారు వేగం ఫీల్డు బలానికి విలోమంగా ఉంటుంది. ఆ 4 ఆంపియర్ల ఫ్యూజు ఎప్పుడైనా పోతే ఫీల్డు పోతుంది, ఇనుములో మిగిలిన కొద్దిపాటి అయస్కాంతత్వం మీద ఆర్మేచర్ సరఫరాకు ఎదురు నిలిచే తన వెనుక-వోల్టేజీని పుట్టించుకోవడానికి పిచ్చెత్తినట్టు వేగం పెంచుకుంటుంది. బెల్టు కూడా లేకపోతే ఆపేవాడే లేడు. వేగం రెండింతలైతే వైండింగును బయటికి లాగే బలం నాలుగింతలవుతుంది. కట్టుతీగలు తెగి కమ్యుటేటరు ముక్కలు షెడ్డంతా ఎగురుతాయి. ఫ్యూజుకు బదులు ఫీల్డు కరెంటు పోగానే ఆర్మేచర్ కాంటాక్టర్‌ను పడగొట్టే రిలే ఉండాలి. మీ పలక వెనుక ఆ రిలే ఉందేమో, ఉండి ఎవరైనా తీగ వేసి దాటించేశారేమో మొదట వెతకండి. క్రేన్ హాయిస్ట్ మోటారు దాదాపు తప్పకుండా సీరీస్ మోటారే (ఫీల్డు గుండా ఆర్మేచర్ కరెంటే పారేది) అయి ఉంటుంది. దానికి లోడు లేకపోతే కరెంటు తగ్గుతుంది, కరెంటు తగ్గితే ఫీల్డు తగ్గుతుంది, ఫీల్డు తగ్గితే వేగం పెరుగుతుంది. గేర్‌బాక్సు విడదీసి పూర్తి వోల్టేజీ ఇవ్వడమంటే పైన చెప్పిన ప్రమాదాన్ని చేతులారా తెచ్చుకోవడమే. పరీక్షించాలనుకుంటే ఒక బ్యాటరీ నుంచి అతి తక్కువ వోల్టేజీతో, ఒకరు స్విచ్ దగ్గర నిలబడి, తిరుగుతుందా లేదా అన్నంత వరకే చూడండి.

ఫీల్డు నిరోధం కొలిచానన్నారు, మీటరు తీసేటప్పుడు చేతికి చిన్న చురుకు తగిలిందా? తగిలే ఉంటుంది. 220 వోల్టులకు 110 ఓమ్‌లంటే ఫీల్డులో 2 ఆంపియర్లు. ఆ చుట్టల ఇండక్టెన్సు 20 హెన్రీలనుకుంటే 40 జౌళ్లు అందులో నిలవ ఉన్నాయి. నడుస్తున్న ఫీల్డును ఒక్కసారిగా తెంచితే ఆ శక్తి పోవడానికి చోటు లేక, తెగిన చోట వేల వోల్టులుగా లేస్తుంది. దాని దారిలో మీ వేళ్లు గాని, ఎనభై ఏళ్ల ఇన్సులేషన్ గాని ఉండకూడదు. అందుకే ఫీల్డుకు అడ్డంగా ఒక డిశ్చార్జి రెసిస్టరు ఉంచుతారు. 220 ఓమ్‌లది పెడితే, తెంచిన క్షణంలో అదే 2 ఆంపియర్లు దాని గుండా పారి 440 వోల్టులకు మించకుండా నెమ్మదిగా చల్లారుతుంది. పలక వెనుక పింగాణీ గొట్టం మీద తీగ చుట్టిన పొడవాటి వస్తువు ఏదైనా కాలిపోయి కనిపిస్తే, అదే అయి ఉండవచ్చు. పనికిరానిదనుకుని తీసి పారేయకండి.

ఇంకొక్క మాట. కాంటాక్టర్ల మీది ఆర్క్ గూళ్లు బూడిదరంగులో, సిమెంటు పలకలాగా ఉంటే అవి ఆస్‌బెస్టాస్ కావచ్చు. మీ కుర్రవాడు బ్లోయరుతో ఊది, ఎమెరీ కాగితంతో రుద్దడానికి బయలుదేరేలోగా ఆపండి. వాటిని తడిగుడ్డతో మాత్రమే తుడవాలి, విరిగినవాటిని తడిపి మందపాటి సంచిలో మూటకట్టి పక్కన ఉంచాలి. ముట్టుకునే ముందు గూడు ఫోటో ఒకటి, పలక వెనుక వైపు ఫోటో ఒకటి ఇక్కడ పెట్టండి. ఆ రిలే ఎక్కడుందో చూసి చెబుతాను.